నడుస్తాది

గుణుపురం రైలుకట్ట పక్కన షెడ్డు.
రేకుల మీద వాన.
పాత ఒరియా పేపరు పరిచి
దాని మీద ఇంజను మొత్తం విప్పి పెట్టేను.

కిరసనాయిల్లో కడిగితే
పిస్టను ఒక పక్కంతా గీతలు,
పిల్లి గీరినట్టు.
బొటనవేలి గోరు అడ్డంగా లాగి చూసేను.
పట్టలేదు.
పట్టుంటే వేరే లెక్క.

ఇసాకు గమాంగ్ స్టూలు మీద కూచున్నాడు,
మోకాళ్ల మధ్య తడి గొడుగు.
పుట్టాసింగి కొండ మీంచి సంతకి
రెండు బస్తాల పసుపు దించుతాడు ఈ బండి మీద.
"చలిబొ?" అన్నాడు.
నడుస్తాదా, అని నాలో నేను అనుకున్నాను.
అతని భాషలోనూ నా భాషలోనూ
బండి కదిలినా, మనిషి సర్దుకున్నా
మాట ఒకటే.

రింగు బోరులోకి దింపి గేజి రేకు పెడితే
సందులో వదులుగా ఆడింది.
రింగులు కొత్తవి. తప్పదు.
వాల్వులు నూరుకోవచ్చు.
క్యామూ రాకరూ అరిగేయి,
కానీ కలిసి అరిగేయి,
దీని గుంటలో దాని గూను.
ఒక్కటే మారిస్తే
పాతది కొత్తదాన్ని తినేస్తాది.
మారిస్తే రెండూ మార్చాల.
ఇసాకు చొక్కా జేబు చూసేను.
రెండూ ఉంచేను.

సర్‌క్లిప్పు మాత్రం,
పిన్ను జారకుండా పట్టుకునే ఆ పిసరంత తీగ,
ఊడదీసింది ఊడదీసినట్టే కాలవలోకి విసిరేను.
"బాగానే ఉంది కదా అది!"
బాగానే ఉంది. ఆరు రూపాయలు.
మా మేస్త్రీ బొనొమాలి కూడా
ఓసారి బాగానే ఉందనుకున్నాడు.
ఘాటీ దిగుతుంటే ఇంజను పట్టేసింది,
వెనక సీట్లో వాళ్ల చెల్లి.
ఆ కత ఎప్పుడు మొదలెట్టినా
అక్కడే ఆపీసి బీడీ వెతుక్కునేవాడు.

దీపాలవేళకి స్టార్టయింది.
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి విన్నాను.
పైన టకటక.
"అది ఉంటాది. పెరిగితే రా" అన్నాను.
తలూపి, గొడుగు ట్యాంకుకి కట్టుకుని
కొండదారి పట్టేడు.

చెప్పనిది ఒకటుంది.
క్రాంకు బేరింగు చేత్తో తిప్పినప్పుడు
చిన్న గరగర.
ముందు రోజు ఇసకో,
నా వేళ్ల వయసో.
మూడుసార్లు కడిగి తిప్పేను,
రెండుసార్లు వినపడింది.

ఇవాళ సంత.
పొద్దుట్నుంచీ రోడ్డు కేసి చెవి.
వానలో ప్రతీ బండీ
అదే అనిపిస్తంది.