ఇరవై మూడో గూడు

పుంతా అరేనస్‌లో గాలికి సెలవుండదు.
బడి గేటు దగ్గర ఒక చేత్తో టోపీ పట్టుకుని
ఇంకో చేత్తో ఫోన్లు పుచ్చుకుంటాను.
మార్చి నుంచి నా ఉద్యోగం ఇదే.
పదేళ్ళ కిందట, పరుగెత్తేవాళ్ళని ఆగమనడం నా పని.
తర్వాత్తర్వాత
పరుగెత్తేవాళ్ళే లేకుండా పోయారు.

మూతపడ్డ తపాలా ఆఫీసు నుంచి తెచ్చిన చెక్క బీరువా,
నలభై గూళ్ళు.
ఉత్తరాలు ఎదురుచూసిన చోట
ఇప్పుడు ఫోన్లు వెల్లకిలా పడుకుంటాయి.
అద్దం పగిలినవి, పెంగ్విన్ బొమ్మ అంటించినవి,
అన్న వాడి వదిలేసినవి.
ఒకడు వాళ్ళ తాత చచ్చిన ఫోను నా చేతిలో పెట్టి
అసలుది సాక్సులో దాచాడు.
ఏమీ అడగలేదు నేను. చీలమండ దగ్గర వెలుగుతోంది.

మొదటి వారం విరామం వేళ
పెరడంతా ఆసుపత్రి వరండాలా ఉంది.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
పిల్లలు గోడకి ఆనుకున్నారు.
బొటనవేళ్ళు మాత్రం ఖాళీ అరచేతుల మీద
ఎవరికో ఏదో రాస్తూనే ఉన్నాయి.
భయమేసింది, నిజం చెబుతున్నా.
లాక్కున్నాం సరే, బదులేమిచ్చాం?

మర్నాడు జలసంధి ఒడ్డు నుంచి
ఐదు నున్నటి రాళ్ళు ఏరుకొచ్చాను.
మోకాళ్ళు కీచుమంటుంటే నేల మీద చతికిలబడి
ఒకటి ఎగరేసి, కిందవి ఊడ్చి, పడేదాన్ని పట్టాను.
మా అక్క నేర్పిన అచ్చంగాయలు.
ఒక పిల్ల దగ్గరకొచ్చి అడిగింది:
"దీంట్లో ఎన్ని లెవెల్సున్నాయి?"
"నీ చెయ్యి ఎన్ని ఓర్చుకుంటే అన్ని."

ఏప్రిల్‌కి గొడవ మొదలైంది.
గొడవంటే అసలైన గొడవ.
తొండి, అలక, పచ్చి కొట్టడం, కాసేపటికి మళ్ళీ కలిసిపోవడం,
గీసుకుపోయిన మోచేతులు.
నర్సు దగ్గర అయోడిన్ సీసా ఖాళీ అయింది.
ప్రిన్సిపాల్ ఓయార్సూన్ ఆ రొద వినడానికి కిటికీ తెరిచి
మూయడం మరిచిపోయింది.
హాజరు కాగితాలు ఊరంతా తిరిగాయి.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది.

ఇరవై మూడో గూడు విల్నెర్‌ది.
హైతీ నుంచి వచ్చి రెండేళ్ళు.
వాడి ఫోను అప్పుడప్పుడూ వణికేది.
పాత చెక్క కదా,
ఒక గూడు వణికితే నలభైకీ పాకుతుంది.
తెర మీద అమ్మ పేరు.
రూలు రూలే అనుకుని
అటు చూడడం మానేశాను.

ఒక మంగళవారం పదకొండుసార్లు వణికింది.
సాయంత్రం తెలిసింది.
ఆమె క్లినిక్‌లో ఉంది, చంకలో చంటిది, ఒళ్ళు కాలిపోతోంది.
ఎప్పటి నుంచి, ఏం తాగింది, ఏ మందు పడదు
అని డాక్టరు అడుగుతున్నాడు.
ఆమెకున్న స్పానిష్ అంతా
నా బీరువాలో తాళం వేసి ఉంది.

చంటిది తేరుకుంది.
విల్నెర్ నన్నొక్క మాట అనలేదు.
మర్నాడు ఫోను ఇచ్చేటప్పుడు
ఒక్క క్షణం వదల్లేదు, అంతే.
ఆ క్షణం ఇంకా నా మణికట్టులో లాగుతోంది.

రూల్సు కాగితం నేను చించలేదు.
ఇరవై మూడో గూట్లో నా కళ్ళజోడు పెట్టె పెట్టి
వాడి ఫోను చొక్కా జేబులో వేసుకున్నాను.

నిన్న ఎడమవైపు వణికింది.
అరవై దాటినవాణ్ణి, ముందు గుండే అనుకున్నాను.
గాలికి ఎదురీదుతూ పెరడు దాటాను.
విల్నెర్ రాయి ఎగరేసి, అప్పుడే నన్ను చూశాడు.
రాయి గాల్లో ఉంది.
కింద నాలుగు, చుట్టూ ఆరు తలలు.
ముందు దాన్ని పట్టుకున్నాడు.
తర్వాతే లేచాడు.

గోడ వారన నిలబడి వాళ్ళ భాషలో మాట్లాడాడు.
తర్వాత స్పానిష్‌లో ఎవరితోనో, పెద్దమనిషిలా.
మళ్ళీ వాళ్ళ భాషలో, మెత్తగా.
మాటలు ఎగిరిపోకుండా
నేను గాలికి వీపు పెట్టి నిలబడ్డాను.

అయ్యాక ఫోను తనే నా జేబులో వేసి
రాళ్ళ వైపు పరిగెత్తుతూ అరిచాడు:
"ఎవడ్రా నా వంతు తిన్నది?"