పదకొండు మిగిలాయి

మా సినిమా నిడివి మూడు నిమిషాల నలభై సెకన్లు.
అందులో పొగ కనిపించేది పదహారు సెకన్లే.
ఆ పదహారు సెకన్ల కోసం
జాలారిపేట ఒడ్డున రెండు సాయంత్రాలు
గాలితో పోట్లాడాం.

సన్యాసిరావు ఇలా వదలడమేమిటి
సముద్రం మీంచి ఎవరో వచ్చి పొగని తుడిచేసి పోయేవారు.
"కనపడట్లేదురా, ఇంకోటి" అనేవాణ్ణి నేను,
తలకి తువ్వాలు చుట్టుకున్న దర్శకుణ్ణి.
పొగ తాగొద్దని చెప్పడానికి
ఇంకోటి, ఇంకోటి అని అరిచిన గొంతు నాదే.

వాడికి అలవాటు లేదు.
అగ్గిపుల్లకి అరచెయ్యి అడ్డం పెట్టడం కూడా రాదు.
రిఫ్లెక్టరని హైమావతి పట్టుకున్న థర్మోకోల్ అట్ట
రెండుసార్లు ఎగిరి పడవలో పడింది.
ఏడో టేకులో వాడు నిజంగానే దగ్గాడు.
కళ్ళలో నీళ్ళు, మెడ మీద ఉబ్బిన నరం.
"సూపర్, ఇదే ఉంచుదాం" అన్నాను.
అన్నానే గానీ, మరో రెండు తీయించాను.

వలల పక్కన కూచుని మమ్మల్నే చూస్తోంది
మైలపల్లి కొర్లమ్మ.
నోట్లో అడ్డచుట్ట. నిప్పు లోపలికి.
పెదాల మధ్య చుట్ట తోక తప్ప ఏమీ కనపడదు.
"గాలికి ఆరిపోద్దని మాయత్త నేర్పింది బాబూ,
నిప్పు నోట్లో ఎట్టుకుంటే సముద్రం కూడా ఆర్పనేదు."
అంగిలి చూపించమంటే చూపించింది,
తెల్లగా, గరుగ్గా, కాలిన పెంకులా.
హైమ మొహం తిప్పుకుంది.
నేను జూమ్ చేశాను.

"ఇది తాగొద్దని సెప్తారా సినిమాలో?
మరా బొగ్గుకేటి సెప్తారు?"
గెడ్డం ఎత్తి పోర్టు వైపు చూపించింది.
జ్ఞానాపురంలో కిటికీ గట్టు మీద
వేలితో పేరు రాసుకుని పెరిగినవాణ్ణి,
అమ్మ ఆరేసిన తెల్లచీర
ఆరకముందే మళ్ళీ బకెట్లోకి పోవడం తెలిసినవాణ్ణి.
పోటీ కాగితంలో ఒకే అంశం అని రాసుంది.
కెమెరా కిందికి దించేశాను.

రెండో బహుమతి వచ్చింది.
షీల్డు మీద నా పేరులో ఒక ఒత్తు తప్పు.

అసలు సంగతి అది కాదు.
ప్యాకెట్లో ఇరవై. తొమ్మిది టేకులు.
పదకొండు మిగిలాయి.
తలా కొంత వేసుకుని కొన్నది, పారెయ్యబుద్ధి కాలేదు.
సన్యాసిరావు మళ్ళీ ముట్టలేదు;
గాజువాకలో టైర్ల కొట్టు పెట్టాడు,
పొద్దున్నే పరుగు, కొర్రల అన్నం.
ప్యాకెట్ నా బ్యాగులోనే ఉండిపోయింది,
ఇంకో షాట్ తియ్యాల్సొస్తే పనికొస్తుందని.

చినవాల్తేరు గదిలో, రాత్రి మూడున్నరకి,
దగ్గు శబ్దం పెదాలతో కలవక
ఆ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి చూస్తూ
మొదటిది వెలిగించాను.
తలుపులు మూసిన గది.
పొగ ఎంత బాగా నిలబడిందో!
ఇక్కడ తీసుంటే ఒక్క టేకులో అయిపోయేది అనుకున్నాను.
హెచ్చరిక వాక్యానికి అక్షరాల సైజు చూస్తుంటే తెల్లారింది.
అప్పటికి నాలుగోది.

పన్నెండేళ్ళు.
లెక్క చెప్పను, చెప్పినా తగ్గించే చెప్తాను.

మొన్న కేజీహెచ్‌లో
గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు.
తెర మీద గీత కొంచెం లేచి వాలిపోయింది.
"చాల్లేదండి, ఇంకోటి" అంది టెక్నీషియన్ పిల్ల.
ఊదాను.
"ఊహూఁ. ఇంకోటి."
ఆ పిల్లకి నవ్వెందుకొచ్చిందో చెప్పలేకపోయాను,
నవ్వు దగ్గయిపోయింది.

ఇంటికొచ్చి పాత డిస్కు వెతికాను.
కొర్లమ్మ ముక్క ఉంది, మేం వాడనిది.
ఆ రోజు దించానే గానీ కెమెరా ఆపలేదట.
నలభై సెకన్ల పాటు ఇసుక, నా చెప్పులు,
ఒక పీత తొంగి చూసి వెనక్కి పోవడం.
పైనెక్కడినుంచో గాలిలో ఆమె గొంతు,
"ఏటి బాబూ,
ఆపీసినావేటి?"