తుమ్ము హాల్టు

బోర్డు మీద మూడు భాషల్లో ఏం రాసుందో
ఎవరూ పట్టించుకోలేదు.
గుంటూరు ఇంకో రెండు మైళ్లుందనగా
మిర్చి గోడౌన్ల గాలి తగిలేది.
పెట్టె పెట్టంతా ఒక్కసారి తుమ్మేది.
నిద్దరోతున్నవాడు కూడా తుమ్మి లేచి
సంచీ కోసం తడుముకునేవాడు.
అదీ మా స్టేషన్ వచ్చిన గుర్తు.
తుమ్ము హాల్టు అన్నారు.
టిక్కెట్టు మీద తప్ప అంతటా అదే పేరు.

మా నాన్న నాగూల్ మీరా
దీపాలకీ గేటుకీ మీటలకీ ఒక్కడే మనిషి.
పొద్దువాలగానే నాలుగు లాంతర్లు కర్రకి తగిలించుకుని
సిగ్నల్ స్తంభాలెక్కేవాడు.
ఆయన చొక్కాకి కిరసనాయిలు వాసన,
అమ్మ చీరకి పొగాకు వాసన,
మధ్యలో నా నిద్ర.

బేళ్ల కోసం పుట్టిన స్టేషనది. మనుషులు తర్వాత.
తూకం మిషను వచ్చిన పదేళ్లకి గానీ
ఆడవాళ్లు కూర్చునే గది కట్టలేదని
మాస్టరు శేషశాయిగారు నవ్వుతూ చెప్పేవారు.
నవ్వాక కళ్లజోడు తీసి
చాలాసేపు తుడుచుకునేవారు.

చీకటుండగానే బండి దిగేవాళ్లు గ్రేడింగు ఆడవాళ్లు,
తలకి గుడ్డలు, చంకన టిఫిను డబ్బాలు,
ఏ సబ్బుకీ వదలని జిగురు వేళ్లకి.
కంపెనీ కూలి కోసిన ఏడు
దానమ్మత్త వచ్చి పట్టాల మీద బాసింపట్టేసుకుంది.
వెనక ముప్పై మంది.
బేళ్లకొచ్చిన ఖాళీ బండి
ఔటర్లో నిలబడి కూసింది, కూసింది,
ఆవిరి అయిపోయేదాకా కూసింది.
నాన్న సిగ్నల్ రెక్క దించలేదు.
"తీగ బిగుసుకుపోయిందండీ, మీట పడలేదు"
అని వేలిముద్ర వేశాడు రిపోర్టు కింద.
ఆ తీగకి మూడు నెలలు జీతంలో కోత.

ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.
అమ్మ ఆ రోజు రెండో వరసలో కూర్చుంది.
ఎప్పుడైనా తీగ మీద బట్టలారేస్తూ
బిగుసుకుందా, వదులేనా, అని అడిగేది నాన్నని.
ఆయన బీడీ వెతుక్కునేవాడు.

పెద్ద పట్టాలొచ్చాయి. దారి అరమైలు పక్కకి జరిగింది.
ఆఖరి బండికి టిక్కెట్టు కొన్నవాడు ఒక్కడే,
వాడూ ఎక్కలేదు, దాచుకుందామని కొన్నాడట.
స్లీపర్లు ఎవరి గొడ్లపాకకో దూలాలయ్యాయి.
లాంతర్లు పాతసామాన్ల కొట్టుకి,
రెక్క ఎక్కడికో తెలీదు.
తూకం మిషను మాత్రం
ముగ్గురు తాగి వచ్చి లాగినా కదల్లేదు.

మొన్న వెళ్లాను.
కప్పు లేదు. టిక్కెట్ల కిటికీలోంచి
జిల్లేడు మొక్క బయటికి చూస్తోంది,
ఎవరికో చిల్లర బాకీ ఉన్నట్టు.
మిషను పలక మీద నిలబడ్డాను.
ముల్లు తుప్పుపట్టి నలభై దగ్గరే ఉండిపోయింది,
అంత బరువు నాకు పదోక్లాసులో ఉండేది.

కోల్డ్ స్టోరేజీల వైపు నుంచి గాలి తిరిగింది.
తుమ్మొచ్చింది.
చెయ్యి దానంతటదే
సంచీ కోసం తడిమింది.