మోచేతికి తెలుసు

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో
కోడి కంటే ముందు ఫోను కూస్తుంది.
రాత్రి ఒకటిన్నర. గూడ్సు. మూడున్నరకి డ్యూటీ.
ఆయన ఇంకా కల అంచున కూచొని
ఊ, ఊ అంటుంటాడు.
నేను లేచి బచ్చలి లైటు వేస్తా.

మాఘమాసమైనా సరే
ఆ పొద్దుకు చన్నీళ్లే.
రాత్రంతా మిద్దె మీద మంచులో నిలబడ్డ ట్యాంకు
బొక్కెనలోకి సూదులు దింపుతుంది.
మొదటి చెంబుకు అబ్బా అంటాడు,
రెండోదానికి నా మీద విసుక్కుంటాడు,
మూడో చెంబుకి మనిషి
ఒంట్లోకి పూర్తిగా దిగొస్తాడు.
టార్చిలైటు యాడుందని అడుగుతాడు.
ఇంక భయం లేదు.

ఒక్కసారి తప్పు చేసినాను.
జ్వరం తగ్గి రెండ్రోజులే అయింది,
ఒళ్లు చూస్తే జాలేసింది,
వావిలాకు వేసి నీళ్లు కాచినాను.
హాయిగా ఉందే, అన్నాడు. మురిసిపోయినాను.
మద్దికెర దాటినాక
ఆ హాయి వెంటొచ్చి రెప్పల మీద కూచుందంట.
వెనక యాభై ఎనిమిది వ్యాగన్ల బరువు,
ముక్కులో వావిలాకు వాసన.
అసిస్టెంటు మౌలాలి
డబల్ ఎల్లో అని ఒకసారి,
ఎల్లో అని రెండోసారి అరిచి,
మూడోసారి భుజం పట్టి ఊపినాడంట.
ఏమీ కాలేదు.
ఏమీ కాలేదనే మాట
నెల తర్వాత చెప్పినాడు,
చెప్పి మజ్జిగన్నం తినేసినాడు.
అప్పట్నుంచి డ్యూటీకి పోయే నీళ్లలో
మోచెయ్యి ముంచితే జిల్లుమనాల.
జాలిపడితే కుదరదు.

దిగొచ్చే పూట లెక్క వేరు.
పగలు పదింటికి, కళ్లు చింతనిప్పులై,
చెవుల్లో ఇంజను పెట్టుకొనే వస్తాడు.
పండుకో అంటే పండుకోదు ఆ ఒళ్లు.
దానికి గోరువెచ్చవి కావాల,
చంటిబిడ్డకు పోసినట్టు, మెడ మీంచి, నిదానంగా.
చిత్రమేమంటే
వెచ్చటి నీళ్లు పోసుకున్నోడి ఒళ్లు
తుడుచుకున్నాక చల్లబడుతుంది.
అరికాళ్లలోంచి వేడి జారిపోయినంక
ఆ ఖాళీలోకి నిద్రొచ్చి పండుకుంటుంది.
ఏ డాక్టరూ చెప్పలేదు నాకు,
పాదాలు పట్టి చూసి తెలుసుకున్నా.

ఎండాకాలం మా ఊరు ఈ లెక్కంతా తిరగేస్తుంది.
చన్నీళ్ల కొళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది.
తెల్లారగట్ట పట్టిన రెండు బొక్కెన్లు
తడి గోనెపట్టా కప్పి మంచం కింద పెడతా.
బంగారం దాచినట్టు దాస్తావే ఉలిగమ్మా అని
పక్కింటామె నవ్వుతుంది.

నీకేం నీళ్లు కావాలని
నన్నెవరూ అడగలేదు. నేనూ అనుకోలేదు.
నిన్న ఆయన పోయినాక
నిద్ర రాక, బచ్చలి గడప మీద కూచొని
హీటరు కడ్డీ వేసినాను, నాకోసం.
ఒక్క బొక్కెన. వావిలాకు కూడా.
మొదటి చెంబు మెడ మీద పడుతుంటే
అవుటరు దగ్గర హారను వినబడింది,
ఆయనదో, ఇంకొకరిదో.
రెండో చెంబు కాసేపు చేతిలోనే ఉండిపోయింది.
తర్వాత పోసుకున్నాను.
తడి జుట్టుతోనే పండుకున్నాను.

పాలవాడు తలుపు కొట్టి కొట్టి పోయినాడంట.