లొల్ల లాకుల దగ్గర

వానాకాలం నా సితారుకి బిరడాలు ఉబ్బుతాయి.
తిప్పితే తిరగవు. తిరిగితే నిలవవు.
చాక్‌పీసు పొడి రాస్తాను, బడి నుంచి తెచ్చిందే.
లెక్కల టీచరుగా నేను చేసిన దొంగతనం అదొక్కటే.

ఈ ఊళ్ళో దీన్ని వీణ అంటారు.
మొదట్లో దిద్దేదాన్ని.

ఇర్మీయా ట్రంపెట్టు వానకి జడవదు.
సీయోను బ్రాస్ బ్యాండు, ఆత్రేయపురం, ప్రొప్రయిటరు తనే.
పెళ్ళికొడుకు ముందూ, శవం ముందూ,
సర్పంచి గెలిచిన రాత్రి జీపు ముందూ
అదే ఇత్తడి, అదే ఊపిరి.
పై పెదవి మీద రూపాయంత గుండ్రటి కాయ.

మూడోవాడు సమ్మయ్య. జనగామ నుంచి
బ్యాంకు బదిలీ మీద వచ్చాడు, కీబోర్డు బస్సు టాపు మీదేసుకుని.
దిగీ దిగగానే ఊరి బోర్డు చదివి
"లొల్లనా? మా దిక్కు లొల్లంటే పంచాది గద, టీచర్!" అన్నాడు.
మొదటి నెలంతా ఆ అర్థమే చెల్లింది.

నా షడ్జమం ఒకచోట, ఇర్మీయాది ఇంకోచోట.
"నేను జరగలేనండి, గొట్టం కొలతండి.
మీరట్‌లో ఏ కంచరి కొలిచాడో అదే నా శ్రుతండి."
కీబోర్డు మెట్ల మధ్య సందుల్లో ఏమీ ఉండదు.
నా గాంధారం కాపురం ఆ సందులోనే.
సమ్మయ్య ఫోనులో ఏదో ఫ్యూజన్ వినిపించాడు.
బాగానే ఉంది,
అందరూ ఒకేసారి మాట్లాడే పెళ్ళి బంతిలా.

ఒక సాయంత్రం నేను యమన్ మొదలెడితే
ఇర్మీయా ట్రంపెట్టు ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.
"కల్యాణి కదండీ ఇది.
మా తాత నేర్చాడండి, పందిరి బయట నిలబడి,
లోపల సన్నాయి వాయిస్తుంటే."
బయట అన్న మాట దగ్గర ఆగలేదు అతను.
నేనే ఆగాను.
వేలు జారింది, బాజ్ తీగ తెగింది,
చూపుడువేలు మీద సన్నటి ఎర్రగీత.

వరండా ముందు ఇటుకల పడవ ఒకటి
లాకులోకి దిగుతోంది. ఇప్పుడు పడవలెక్కడివి,
ఏడాదికి ఒకటో రెండో.
లస్కరు నూకరాజు చక్రం తిప్పుతూ పడవ కుర్రాణ్ణి కసురుతున్నాడు:
"గెడ పెట్టి పొడుత్తావేంట్రా తలుపుని?
తూములెత్తాను కదా, నీళ్ళని దిగనీ.
ఇటూ అటూ సమమైతే వేలితో నెట్టినా తెరుచుకుద్ది.
అవకపోతే ఏనుగుని తెచ్చినా రాదు."
కుర్రాడు గెడ తీసేశాడు.
పడవ, దానిలో ఇటుకలు, ఇటుకల మీద కూర్చున్న కోడి
అంగుళం అంగుళం కిందికి పోయాయి.

ఆ రాత్రి అన్ని తీగలూ వదులు చేశాను.
మూడు మెట్లు కిందికి. రాజమండ్రి నుంచి లావు తీగ తెప్పించాను.
మా గురువుగారు నిర్ణయించిన శ్రుతి అది,
ఇరవై రెండేళ్ళుగా కదపనిది.
సితారుకి జలుబు చేసినట్టయింది గొంతు.
అసహ్యంగా ఉందని ఏడ్చాను కూడా, కాసేపు.

మెట్ల కింద పదమూడు సన్నతీగలుంటాయి.
మామూలుగా వాటిని మీటం.
తమ స్వరం ఎక్కడైనా వినబడితే
వాటంతటవే పలుకుతాయి, లేకపోతే లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చాడు ఇర్మీయా,
బ్యాండు కోటు విప్పి, ట్రంపెట్టు నోట్లో తువ్వాలు కుక్కి.
సమ్మయ్య ఒక్క వేలే ఆనించాడు,
మిగిలిన తొమ్మిదీ ఏం చెయ్యాలో తెలీక చంకలో పెట్టుకున్నాడు.
కరెంటు పోయింది. కీబోర్డూ పోయింది.
ఇర్మీయా ఒక్కడే పట్టుకున్నాడు ఆ ఒక్క స్వరాన్ని,
శవం ముందు కాదు, పెళ్ళికొడుకు ముందు కాదు,
ఎవరి ముందూ నడవకుండా, కూర్చుని.
ఊపిరి అయిపోయి ఆపాడు.

స్వరం ఆగలేదు.

కాలవ మీద వాన చప్పుడు కింద
సన్నగా, ఇత్తడి కానిదేదో ఇంకా మోగుతోంది.

"ఎవరండీ వాయించేది?" అన్నాడు చీకట్లో.
ఫోను లైటు వేసి రెండు చేతులూ చూపించాను.
చాక్‌పీసు పొడి తప్ప ఏమీ లేదు.