తువ్వాలు గడి

నా పని నీళ్లు చల్లగా ఉంచడం.
మూడు డిగ్రీలు. రెండున్నర కాదు, మూడున్నర కాదు.
పంతొమ్మిదేళ్లుగా ట్రోమ్సో ఆసుపత్రి నేలమాళిగలో
ఐసు పోస్తాను, కలుపుతాను, థర్మామీటరు చూస్తాను.
జనం వచ్చి మణికట్టు దాకా చెయ్యి ముంచుతారు,
ఎంతసేపు ఓర్చుకుంటే అంతసేపు.
స్టాప్‌వాచ్ నా మెడలోనే వేలాడుతుంది.

పైన సూర్యుడికి రెండు నెలల సెలవు.
కింద మేము గురువారం గురువారం కూర్చుని
నొప్పి గురించి మాట్లాడుకుంటాం.
కాఫీ, గోధుమరంగు జున్ను, గొడవలు.
నరాల మీద పనిచేసే ఇంగెబ్యోర్గ్‌కి
మనసు మీద పనిచేసే స్తూర్లా అంటే పడదు.
సలుపు ముందా, పోటు ముందా అని
ఒక్క ప్రశ్నాపత్రం మీద పదకొండు వారాలు తగువులాడారు.
ఒకామె తీపు అంది. ఒకాయన కలుక్కు అన్నాడు.
లోఫోటెన్ నుంచి వచ్చిన జాలరి మాత్రం
"మోకాల్లో ఎవరో తలుపు తీసి
వెయ్యడం మరిచిపోయారు" అన్నాడు.
దానికి గడి లేదు.
ఇతరములు అని రాసుకున్నాం.

ఈ ఏడు బల్ల దగ్గర ఒక కుర్చీ పెరిగింది.
నొప్పి పడేవాళ్లలోంచీ ఒకరుండాలని పైనుంచి ఉత్తర్వు.
టోర్గున్ వచ్చింది.
చేపల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు.
కోత యంత్రం రెండు వేళ్లు ఉంచేసుకుంది.
ఆ లేని వేళ్లే రాత్రి రెండింటికి ఆమెను లేపుతాయి.
ఒకప్పుడు మా కాగితాల్లో ఆమె రెండువందల పన్నెండు.
ఇప్పుడు నా ఎడంపక్కన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆ గురువారం ఐలిఫ్ గోడమీద గ్రాఫు వేశాడు.
కుర్రాడు, అంకెలతోనే సావాసం.
మూడేళ్లుగా ఒక బుడిపె వాణ్ని తినేస్తోంది:
మంచుగాలి రోజుల్లో జనం
నలభై సెకన్లు ఎక్కువ ఓర్చుకుంటున్నారు.
"గాలి పీడనం, నరాలు" అంది ఇంగెబ్యోర్గ్.
"తుఫానులో బయల్దేరి వచ్చినవాడు మొండివాడే" అన్నాడు స్తూర్లా.
ఇద్దరూ కలిసి ఒక వ్యాసానికి ఒప్పుకోవడం అదే మొదటిసారి.
పేరు కూడా పెట్టేశారు.

టోర్గున్ చెయ్యెత్తింది, మూడు వేళ్ల చెయ్యి.
"నేనొచ్చిన రోజు మంచు అడ్డంగా కురుస్తోంది.
హీటరు మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది, నీలం గీతలది.
చెయ్యి నీళ్లలో పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను.
అది నా కోసమేనని తెలుసు.
అందుకే ఇంకాసేపు ఉండగలిగాను.
తువ్వాలు సంగతి మీరెక్కడ రాసుకుంటారు?"

గదిలో చూపులన్నీ నావైపు తిరగడానికి
మూడు డిగ్రీల నీళ్లలోంచి
ఒక మనిషి చెయ్యి తీసేంత సేపు పట్టింది.

అవును, నేనే.
తడిసి, వణుకుతూ వచ్చినవాళ్లకి
చల్లటి గుడ్డ అందించలేక.
నియమావళిలో తువ్వాలు అని ఉంది.
వెచ్చగా అని లేదు. వద్దనీ లేదు.
ఆరు శీతాకాలాలు, నాలుగొందల చిల్లర చేతులు.
ఐలిఫ్ తల పట్టుకున్నాడు.
వాడి మూడేళ్లు నా హీటరు మీద ఆరేసి ఉన్నాయి.

వ్యాసం వెనక్కి పోయింది.
ఇంగెబ్యోర్గ్ క్రిస్మస్ దాకా నాతో మాట్లాడలేదు.
నా క్షమాపణ ఆమె బల్లమీద
తాగని కాఫీలా ఉండిపోయింది.

జనవరి చివర,
సూర్యుడు కొండ మీద ఒక్క వేలు ఆనించిన వారం,
కొత్త ఫారం వచ్చింది.
స్తూర్లా రాశాడు, ఇంగెబ్యోర్గ్ దిద్దింది,
టోర్గున్ రెండు వాక్యాలు కొట్టేసింది.
పన్నెండో గడి: తువ్వాలు.
వెచ్చన, చల్లన, కనబడదు.
ఎవరికి ఏదో నాకు తెలియకూడదట.
తెలిస్తే నా మొహం చెప్పేస్తుందట.
అది నిజమే.

ఇప్పుడు నీళ్లు మాత్రమే నావి.
గదికి అడ్డంగా తెర. తువ్వాలు అటు, నేను ఇటు.
నిన్న ఓ విద్యార్థిని వచ్చింది, బూట్లనిండా మంచు.
చెయ్యి ముంచింది. పెదవి కొరుక్కుంది.
తెర అవతలికి చూస్తోంది.
అక్కడ ఏముందో, ఏం లేదో.
నేను ఐసు కలుపుతున్నాను.
స్టాప్‌వాచ్ పరిగెడుతోంది.
ఆ పిల్ల ఇంకా తియ్యలేదు.