ఏ రంగు వదులుకోవాలి

యంత్రంతో పాటు ఒక జత అద్దాలు ఊరికే వచ్చాయి.
ఆకుపచ్చవి. కొమ్మ మీద అంకె లేదు, అక్షరం లేదు.
ఊరికే వచ్చినవి పెట్టుకోడానికి
నా కళ్ళు ఊరికే రాలేదు కదా అని
అప్పటికి తోచలేదు.

బూడితిలో, మా వెనక గదిలో, కరెంటు నిలకడగా ఉన్న ఒక రాత్రి
పనసచెక్క మూత మీద కూతురి పేరు కాలుస్తున్నాను.
లో. హి.
సన్నటి నీలి మొన, వెనకాలే మాడిన బెల్లం వాసన.
మూత కదలకుండా ఓ మూల బరువు పెట్టాను,
నాన్న పోత పోసిన ఇత్తడి గరిటె,
అమ్మ చింతపండుతో తోమిన గరిటె.
మొన దాని అంచు తాకింది.
నీలిమచ్చ ఒకటి గోడెక్కి
క్యాలెండరులో ఏకాదశి మీద
రెప్పపాటు నిలబడి దిగిపోయింది.

రెప్పపాటు.
ఆ మాట మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను!

కొలిమికి మర్యాద తెలుసు.
ముందు మొహానికి సెగతో కబురు పంపుతుంది,
కనుబొమలు ముడుచుకున్నాకే లోపలి రంగు చూపిస్తుంది.
గుమ్మడిపువ్వు రంగు తిరిగిందా, మూస నింపు అంటాడు నాన్న.
ఈ వెలుగు కబురు పంపదు.
రెప్ప వాలేసరికి వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది.

మర్నాడు ఆ ఉచితపు అద్దాన్ని రెండు ఇటుకల మధ్య నిలబెట్టి
వెనక తెల్లకాగితం ఉంచి
గది బయట కూచుని ఫోనులో చూశాను.
అడ్డేమీ లేనట్టే దిగింది మచ్చ కాగితం మీదికి.
కాసేపటికి అద్దమే కరిగి కన్నం.
కన్ను చివర సున్నా చుడితే కన్నమే.

నరసన్నపేటలో కళ్ళజోళ్ళ గున్నయ్య
వెల్డింగు అద్దం తీశాడు, చలవ అద్దాలు తీశాడు.
"ఎంత నలుపైతే అంత కాపు కాదేటి బాబూ?"
కాదు గున్నయ్యా. నలుపు వెనక కంటిపాప
చీకటి పడిందనుకుని తలుపులు బార్లా తీస్తుంది.
ఇంటికొస్తే అమ్మ,
శుక్లాలు తీసినప్పుడు క్యాంపువాళ్ళిచ్చిన నల్లజోడు తుడిచి పట్టుకుని ఉంది.
"నాకు పనికొచ్చింది, నీకు పనికిరాదేటి?"

అమ్మా, ఎండ అన్ని రంగులతో కలిసి వస్తుంది.
ఇది ఒక్కర్తే వస్తుంది. నాలుగు వందల యాభై దాని నంబరు.
దీన్ని గుమ్మంలోనే ఆపాలి, మిగతావాళ్ళని రానివ్వాలి.
లేకపోతే ఆపే బొత్తాం కనపడక
జోడు నేనే తీసేస్తాను.

ఆమదాలవలసలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే దాలినాయుడు
నేనూ అదే తెప్పించుకుంటానన్నాడు.
వద్దు. నీ మిషను వెలుగు అసలు కంటికే కనపడదు, వెయ్యి అరవై నాలుగు.
నా జోడు దానికి తీసిన గుమ్మం.

నా జోడు నారింజ రంగుది. పక్కలకి రెక్కలున్నాయి,
చూపుజోడు మీదుగా పడుతుంది.
కొమ్మ మీద ఆవగింజంత అక్షరాల్లో నా నంబరుకి చోటుంది,
పక్కన ఆరు.
నాన్న బొటనవేలితో తడిమాడు. "ఏటిది?"
"ఆరు సున్నాలు నాన్నా. పది లక్షల పాళ్ళల్లో ఒక పాలే లోపలికొస్తుంది."
"లెక్కెట్టినోడెవుడు?"
పరీక్షించినవాళ్ళ పేరున్న కాగితం చూపించాను.
బతుకంతా కంటినే నమ్మి మూసలు నింపిన మనిషి
కంటిని నమ్మొద్దనే అంకెని చూసి నవ్వలేదు.
పెట్టుకుని వీధిలోకి చూశాడు.
ఆకాశం బురద. అమ్మ నీలంచీర బొగ్గు.
"ఇత్తడి ఇత్తడిలాగే ఉందిరా," అన్నాడు చాలాసేపటికి.

లోహిత మొహానికి ఆ జోడు నిలవదు, జారుతుంది.
అందుకని గడియ. ఇప్పుడు గరిటె వంటింట్లో ఉంటుంది.
"త" కాలుతుండగా తలుపు కింద నుంచి చీటీ ఒకటి జారింది.
అయిందా?
నారింజలో అక్షరాలు నల్లగా ఉన్నాయి.
ప్లగ్గు పీకి, జోడు తీసి, మళ్ళీ చదివాను.
నీలం సిరా.